మేడమీదికి నీళ్ళు

మార్చి 3, సోమవారం

మళ్ళీ నీళ్ళు బంద్. ట్యాంకు నిండుగానే ఉంది, పొద్దునే ఎక్కి చూశాను. నా మేడగదికి వచ్చే పైపు వాల్వు కింద మెట్ల పక్కన గూట్లో ఉంటుంది. గూటికి తాళం. తాళంచెవి ఇంటి ఓనరు శ్రీరంగప్ప మొలతాడుకు.

తలకు షాంపూ పెట్టుకున్నాక నీళ్ళు ఆగిపోయాయి. నురగతోనే టవల్ చుట్టుకుని కిందికి దిగాను. నీళ్ళు కావల్లంటే నవ్వుతా అడగల్లమ్మా, మొగం ముడుచుకుంటే బోరు గూడా అలుగుతాది, అన్నాడు. అరవై దాటిన మనిషి. ఇంటర్ చదివే మనవరాలుంది. జోకు వేశాననుకుని తనే నవ్వుకున్నాడు.

మార్చి 6

కుళాయి లీకవుతాండాదేమో చూస్తానని పైకి వచ్చాడు. బాత్రూం గుమ్మంలో నాకు దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగి, నడుం మీద చెయ్యి వేశాడు. తోసేశాను. గోడకు తగిలి కూడా పళ్ళికిలించాడు. మొగుడు లేని ఆడదానికి గుంతకల్లులో ఇంకెవురిస్తారమ్మా ఇల్లు, అని దిగిపోయాడు.

ఆ ఒక్క మాట మాత్రం నిజం. విడాకులయ్యాయని చెప్పగానే తలుపులు వేసుకున్న ఇళ్ళు ఎన్నో చూశాకే ఇక్కడ చేరాను. నల్లమాడకు ఫోన్ చేసి చెబితే నాయన ఏమంటాడో తెలుసు. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు, ఇంటికి రాయే అంటాడు. రైల్వేలో బుకింగ్ కౌంటరు ఉద్యోగం. మా ఇంట్లో తాతల నుంచి ఎవరికీ లేని ఉద్యోగం. వీడి చెయ్యి ఊరికే ఉండలేదని నేను వదులుకోవాలా? థూ.

ఇన్నాళ్ళూ ఎదురుపడితే గారు, మీరు అంటూ వచ్చాను. ఇక వాడే.

వాడి పెళ్ళాం లలితమ్మ కింద వరండాలో చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. గేటు మీద లలిత నిలయం అని రాసి ఉంటుంది. తన హోల్‌సేల్ కొట్టు అప్పులు ఇంటి మీదికి రాకుండా ఇల్లు ఆమె పేరున పెట్టాడట. పెత్తనం మాత్రం వాడిది.

మార్చి 10

వాల్వు మళ్ళీ మూసేశాడు. వాడిని నీళ్ళు అడగను. కంపు కొట్టినా సరే.

మార్చి 13, ఉదయం 6

రెండు ప్లాస్టిక్ బిందెలు కొని వీధి కుళాయికి వెళ్ళాను. సొంత బోరున్న ఇంటివాళ్ళు వీధి కుళాయికి రాకూడదు. ఎవరూ రాసి పెట్టలేదు కానీ ఈ వీధిలో ఎవరూ తప్పరు. వస్తే ఎందుకొచ్చారో అందరి ముందూ చెప్పాలి.

లైను పెత్తనం ఇడ్లీ బండి ఓబులమ్మది. నా బిందెను కాలితో ఆపింది. ఏమ్మా, మీ ఇంట్లో బోరుండాది గదా, మా నీళ్ళకెందుకొచ్చినావు, అంది. మోటరు చెడిపోయిందని చెబుదామనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. ఛీ, వాడి కోసం నేను అబద్ధమాడటమేంటి? నీళ్ళు ఇడవల్లంటే నవ్వల్లంట, నడుం మీద చెయ్యేసినా ఊరుకోవల్లంట, అని అరిచాను. కౌంటర్లో మాట్లాడే తెలుగు ఎటు పోయిందో, నల్లమాడ యాస తన్నుకొచ్చింది.

ఓబులమ్మ అడ్డం పెట్టిన కాలు తీసి చెప్పింది. పోయినేడు అదే గదిలో ఉన్న టీచరమ్మ గూడా బిందె పట్టుకుని వచ్చింది, మోటరు చెడిపోయిందనింది, మేము నమ్మితిమి, నెల తిరక్కుండానే గది ఇడిసిపెట్టి పోయింది, అని.

నా బిందె తనే కుళాయి కింద పెట్టింది.

మార్చి 15, సాయంత్రం

వాడు మెట్ల మీద కాలు పెట్టాడు. ఇడ్లీ బండి దగ్గర్నుంచి కేక. ఏమప్పా శ్రీరంగప్పా, మెట్లెక్కుతాండావే, యాడికి? ట్యాంకు చూసొస్తానన్నాడు. ఎదురింటి మేడ మీద నుంచి ఇంకో గొంతు. ట్యాంకు నాకీడికే కనపడతాండాది, నిండింది, దిగన్నా, అని. దిగాడు. పంచె కాళ్ళకు చుట్టుకుని, ఆఖరి మెట్టు మీద తడబడ్డాడు కూడా.

తలుపు వేసుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. నవ్వమన్నాడుగా.

మార్చి 18

ఈ రోజు కూడా కేక వేశారు. ఈసారి పిల్లలు.

మార్చి 23, ఆదివారం

నెలాఖరుకు గది ఖాళీ చేయాలట. వీధిలో వాడి పరువు తీశానట. పరువు! వక్కపొడి డబ్బాలో పెట్టి మూత వేసుకోవచ్చు, అంత ఉంది.

ఎండలో ఇల్లిల్లూ తిరిగాను. మీ ఆయన ఏం జేస్తాడమ్మా? అందరిదీ అదే ప్రశ్న. ఒకావిడ మంచినీళ్ళిచ్చి మరీ లేదంది. తిరిగొచ్చి ఏడ్చాను. కోపంతోనే, కానీ ఏడ్చాను.

మార్చి 28

బోరు ఎండింది. మోటరు గాలి కక్కుతోంది. వీధంతా ఎండినా నా బోరు ఎండదని ఊరంతా చెప్పుకున్నవాడు, స్విచ్ వేస్తూ తీస్తూ కూర్చున్నాడు. బోరు నిజంగానే అలిగినట్టుంది.

మార్చి 29

కుళాయి దగ్గరికి లలితమ్మ వచ్చింది. స్టీలు బిందె పట్టుకుని లైను చివర నిలబడింది. ఎవరూ పలకరించలేదు. నేనూ మొహం తిప్పుకున్నాను.

తనే నా దగ్గరికి వచ్చింది. నాకు తెలుసు, టీచరమ్మప్పుడు గూడా తెలుసు, అంది. ఇల్లు నా పేరు మీద ఉండాది, నువ్వు యాడికీ పోవద్దు, అంది. నా చేతిలో గూటి తాళంచెవి పెట్టింది. దానికి తెగిన మొలతాడు ముక్క ఇంకా వేలాడుతోంది.

టీచరమ్మప్పుడు ఈ చెయ్యి ఏమైపోయిందని అడిగాను. క్షమించాలని అనిపించలేదు. వాల్వు తిప్పినా ఇప్పుడు చుక్క రాదు. అయినా తాళంచెవి తీసుకున్నాను.

ఏప్రిల్ 2

వీధి కుళాయికి నీళ్ళొచ్చిన రోజు. లలితమ్మ రానని చెప్పేసిందట. వాడే బిందె పట్టుకుని వచ్చాడు. మొహం నిండా నవ్వు. లైను పక్కనుంచి నేరుగా వచ్చి నా ముందు దూరబోయాడు.

రోజూ కౌంటర్లో అనే మాటే అన్నాను.

లైన్లో రండి.