షాఫ్టుకు ఏ గ్రీజు

వనపర్తి, మంగళవారం రాత్రి

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. రాజన్న పాత మోటార్‌సైకిలుకు చైను ఉండదు, వెనక చక్రాన్ని తిప్పేది షాఫ్టే. దాని పళ్లు అరుగుతున్నాయని కొత్తకోటలో మెకానిక్ ఖాదర్ దగ్గరికి పోయాం. అతను వేడికి కారని గట్టి గ్రీజు తీశాడు.

"అండ్ల ఆవు కొవ్వు కలుస్తదంట. మామూలుదే పెట్టు భాయ్," అన్నాడు రాజన్న.

"మామూలుది కారిపోతదన్నా. తినేది షాఫ్టు, నువ్వు గాదు."

రాజన్న నవ్వలేదు. మామూలుదే పెట్టించాడు.

ఇన్నేళ్లు ఒకే వేదిక మీద అంటూ ముట్టూ లేవని మేం గొంతు చించుకున్నది దేనికి మరి? బయటికి రాగానే నిలదీశాను.

"ఉపన్యాసం వేరే, చేతికి అంటేది వేరే," అన్నాడు.

రేపు పాన్‌గల్ సభలో అంటరానితనం మీద మాట్లాడేది అతనే. ఆ బండి మీద అతని వెనక కూర్చుని పోవాల్సింది నేను...