బుగ్గలో చెడింది రక్తంలో లేదు

విశ్రాంత లారీ డ్రైవరునైన, ఇంటా బయటా అందరూ పెద్దోడు అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నోటి క్యాన్సరుకు ఎడమ దవడ తీసేశాక నా మాట ముద్దగా వస్తోంది గాని, బుద్ధికి ఏ లోటూ లేదు. జబ్బు మళ్ళీ మెడలో తేలింది కనుక ఇప్పుడే రాయిస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింటి దర్జీది.

1. నా స్వార్జితమైన ఇల్లు సర్వహక్కులతో నా భార్యకు. ఆపరేషను తరువాత నలుగురిలో తినడానికి సిగ్గుపడి, వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాడిని. ఆవిడ తన భోజనం కూడా మెత్తగా రుబ్బుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. "నా పళ్ళకీ సెలవిచ్చేశాను" అంది. ఆ ఇంట్లోంచి ఆవిడను ఎవరూ కదిలించరాదు.

2. లారీ షెడ్డు నా తమ్ముడికి. మా నాన్నకూ నోటి క్యాన్సరే. దాంతో వీడు "ఇది మా రక్తంలోనే ఉంది, మానేస్తే మాత్రం పోతుందా?" అని వీధంతా చాటుతూ పొగాకు నములుతూనే ఉన్నాడు. నాన్నా నమిలాడు. నేనూ నిద్ర ఆపుకోవడానికి స్టీరింగు పట్టుకున్నంతసేపూ బుగ్గన పెట్టుకున్నాను. ఆ సంగతి మాత్రం వీడు ఎక్కడా చాటలేదు. ఒరే, నీ నోట్లో తెల్లమచ్చ నేను చూశాను. అది నాకు ఆపరేషను చేసిన డాక్టరమ్మకు చూపించి, ముక్క తీయించి పరీక్ష చేయించుకున్నాకే దర్జీ తాళాలిస్తాడు. కోర్టుకెక్కుతానంటే ఎక్కు, ముందు నోరు చూపించుకొని ఎక్కు.

3. ఆపరేషనులో తీసి, పరీక్షల కోసం మైనపు దిమ్మలో దాచిన నా కణితి ముక్క ఆసుపత్రి పరిశోధనశాలకు. అందులో పి-53 అనే జన్యువు చెడిపోయిందని డాక్టరమ్మే పరీక్ష చేయించి కనిపెట్టారు. "కణం ఇష్టమొచ్చినట్టు పెరగకుండా ఆపే బ్రేకండీ అది. దాన్ని పొగాకు పాడుచేసింది" అన్నారు. బ్రేకులు పోతే ఏమవుతుందో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

4. నా చేతి గడియారం నా కూతురికి. అమ్మా, నువ్వు రోజూ అద్దం ముందు టార్చి వేసుకొని నోరు చూసుకుంటున్నావు. "నీ జబ్బు నా బిడ్డకూ వస్తే, నాన్నా?" అని పిల్లలే వద్దనుకున్నావు. అందుకే నా రక్తం కూడా పరీక్ష చేయించాను. కణితిలో ఉన్న ఆ లోపం రక్తంలో లేదు. అది నాకు పుట్టుకతో వచ్చింది కాదు, నా అలవాటుతో వచ్చింది. నాకు లేని ఆస్తిని నీకు రాసిచ్చే హక్కు చట్టంలో కూడా లేదు. బిడ్డను కంటావో మానతావో మీ ఆలూమగల ఇష్టం. కారణాల్లో నా బుగ్గను మాత్రం చేర్చకు.

చదివించుకొని, విని, సరేనని చేసిన సంతకం. తేదీ: మార్చి పన్నెండు.

(సంతకం) పెద్దోడు

సాక్షులు: నోటి ఆపరేషను చేసిన డాక్టరమ్మ, షెడ్డు ఎదుటి టైర్ల కొట్టు యజమాని.