సులై క్యాంపులో సంబంధం ఆరా

సులై, రియాద్
మార్చి 1992

నా బంగారు తల్లి సరళకు, ఆనందం పట్టలేని బాపు భోజన్న దీవించి రాయునది.

సెలవు నుంచి తిరిగొచ్చిన మా క్యాంపు జనార్దన్ చేతికిచ్చి నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఆర్మూరు బీడీ కార్మికుల సంఘం నుంచి నిన్నొక్కదాన్నే ఎంచి, పన్నెండు దేశాల సోషలిస్టు కార్యకర్తలతో కలిసి మూడు నెలలు రాజకీయాలు చదువుకోవడానికి ఖాట్మండు పంపుతున్నారా! ఆ మురిపెంలో పొయ్యి మీద అన్నం మాడిపోయింది. క్యాంపంతా అదే తిన్నది. "ఏమైంది భోజన్నా" అంటే, "నా బిడ్డ ఇంటర్నేషనల్ అయింది" అన్నాను.

ఇక్కడ ఉత్తరాలు విప్పి చదువుతారు, సోషలిజం అనే మాట రాయొద్దు అన్నావు. అందుకే ఈ ఉత్తరంలో సోషలిజం అని ఎక్కడా రాయడం లేదు.

నా సంగతి మామూలే. యుద్ధం అయిపోయి ఏడాది దాటింది, ఇంటికి పంపమని అడుగుతూనే ఉన్నాను. మేనేజరు "బుక్రా" అంటాడు, అంటే రేపు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. మిసైళ్ళు పడ్డ రోజుల్లో మమ్మల్ని వదిలి జెడ్డా పారిపోయినప్పుడు కూడా తాళంచెవి మాత్రం జేబులో వేసుకునే పోయాడు. దేశం దాటడానికి ఎగ్జిట్ ముద్ర కొట్టిస్తే చాలు, వచ్చి నీ మొహం చూసుకుంటాను.

నిన్ను కన్నందుకు పొంగిపోతున్న,
బాపు

తా.క.: పన్నెండు దేశాలవాళ్ళూ ఒకే గదిలో పడుకుంటారా? ఆడవాళ్ళకు వేరే గది ఉందా? అనుమానంతో కాదు, ఊరికే అడుగుతున్నాను. ఉందా మరి?


ఖాట్మండు
ఏప్రిల్ 1992

బాపుకు, సరళ దండాలు.

ఆ మాట రాయనంటూనే రాశావు. నీ కవరు ఎవరో విప్పి మళ్ళీ జిగురు పెట్టినట్టుంది. ఇకనుంచి "చదువు" అని మాత్రమే అందాం. ఆడవాళ్ళకు వేరే గది ఉంది.

మీ క్యాంపువాళ్ళ సంగతులు కొన్ని నా చదువుకు కావాలి. గుట్టుగా కనుక్కో. కంపెనీ వీసానా, ఎక్కడైనా పని వెతుక్కునే ఆజాద్ వీసానా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? గదిలో ఎందరుంటారు? అడిగితే సెలవు ఇస్తారా? ఒక్కరిని కాదు, వీలైనంత మందిని అడుగు. నా పేరు బయటికి రానీయకు.

నీ బిడ్డ,
సరళ

తా.క.: దగ్గు, నడుంనొప్పి లాంటివి ఉన్నాయేమో కూడా అడుగు.


సులై
మే 1992

నా చిట్టితల్లికి, సంతోషంతో రాత్రంతా నిద్రపోని బాపు రాయునది.

చదువు కోసమని రాశావు. సిగ్గుపడి అట్లా రాశావని నాకు తెలియదా బిడ్డా? మనవైపు గల్ఫ్ పిల్లగాణ్ణి చూసేటప్పుడు ఏమడుగుతాం? మీ అక్క సంధ్యకు సంబంధం వచ్చినప్పుడు, అల్లుడు పనిచేసే బురైదా తోటలోనే ఉన్న మనవాడికి ఉత్తరం రాసి ఆరా తీయించాను. అచ్చం ఇవే ప్రశ్నలు, దగ్గుతో సహా. ఇన్నాళ్ళూ పెళ్ళి వద్దన్నదానివి, ఇన్నాళ్ళకు మనసు మారింది. వీలైనంత మందిని అడగమన్నావు చూడు, అక్కడ తెలిసింది నీ తెలివి.

క్యాంపు వంటవాణ్ణి కదా, పళ్ళెం పట్టుకుని అందరూ నా ముందుకే రావాలి. జవాబు చెప్పందే గరిటె వంచలేదు. మన లింబాద్రి "పాస్‌పోర్టు నా పెట్టెలనే ఉన్నది కాకా" అన్నాడు. చూపించమన్నాను. "రేపు చూపిస్త" అన్నాడు. రేపు అనే మాట ఈ దేశంలో నాకు బాగా తెలుసు. కూర తగ్గించాను. జనార్దన్ దగ్గు లేదన్నాడు, అంటూనే దగ్గాడు. సిమెంటు దుమ్మట.

నీ పేరు ఎక్కడా చెప్పలేదు. గుట్టుగా అడుగుతున్నానంటే ఏదో ఉందని అనుమానపడి, అడగనివాళ్ళు కూడా వచ్చి చెబుతున్నారు. పాకిస్తానీ మేస్త్రీ చొక్కా ఎత్తి నడుం చూపించాడు. అతనికి ముగ్గురు పిల్లలు. మనకు కుదరదు.

కాబోయే పెళ్ళిపెద్ద,
బాపు

తా.క.: ఆ పన్నెండు దేశాలవాళ్ళలో ఎవణ్ణో చూసుకుని, ఇక్కడివాళ్ళతో పోల్చుకోవడానికి అడగడం లేదు కదా?


ఖాట్మండు
మే 1992

బాపుకు, సరళ దండాలు.

పెళ్ళి కాదు బాపూ. నిజంగానే చదువుకు. ఎక్కడివాళ్ళు అక్కడ ఎట్లా బతుకుతున్నారో అడిగి తెలుసుకోవడమే మా మొదటి పాఠం.

నీ ఉత్తరం క్లాసులో చదివాను. ఎవరూ నవ్వలేదు. క్యాంపంతా ఇంత ధైర్యంగా అడుగుతున్నాడంటే మేనేజరు మనిషే అయి ఉంటాడని బంగ్లాదేశ్ కామ్రేడ్ అనుమానం. "మా బాపు వంటమనిషి" అన్నాను. "అలాగే చెప్పుకుంటారు" అన్నాడు.

నా భయం వేరే. అక్కడ నలుగురు కూడి మాట్లాడితేనే ముప్పు. ఇది తెలిస్తే నీ ఎగ్జిట్ ఇక ఎప్పటికీ రాదు. దయచేసి ఎవరినీ అడగకు.

నీ సరళ

తా.క.: లింబాద్రి పాస్‌పోర్టు చూపించాడా? చదువుకే అడుగుతున్నాను.


సులై
జూన్ 1992

నా కన్నతల్లి సరళకు, ఎగిరి గంతేయడానికి మోకాళ్ళు సహకరించని బాపు రాయునది.

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. లింబాద్రి పాస్‌పోర్టు చూపించలేకపోయాడని అందరూ ఆట పట్టించారు. వాడికి రోషమొచ్చి "మీ పెట్టెలు దెర్వుండ్రి, మీయి జూద్దాం" అన్నాడు. తెరిచారు. ఒక్కడి దగ్గరా లేదు. చిన్నతనమని ఇన్నేళ్ళూ ఒకరితో ఒకరు అబద్ధమాడుకున్నారు. అన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

శుక్రవారం అందరూ పోయి మేనేజరు గది ముందు కూర్చున్నారు. ఆయన అరబ్బీలో ఏదో అరిచాడు. ఆఫీసు డ్రైవరు మస్తాన్ వలీ, కడపాయన, మాకు చెప్పాడు: "మిమ్మల్ని ఎగదోసినోడు ఎవుడని అడుగుతాండాడు." అందరి వేళ్ళూ నావైపే తిరిగాయి. నేను నిజమే చెప్పాను: "నా బిడ్డకు పిల్లగాణ్ణి చూస్తున్న." మేనేజరు లెక్కపెట్టినట్టు అందరినీ చూశాడు. పాకిస్తానీ మేస్త్రీ దగ్గర చూపు ఆగిపోయింది. "ఒక్క పిల్లకు ఇంతమందా అంటాండాడు" అన్నాడు మస్తాన్ వలీ, తలొంచుకుని.

పాస్‌పోర్టులు "బుక్రా" ఇస్తానన్నాడు. అయితే రేపటిదాకా ఇక్కడే ఉంటామన్నారు మనవాళ్ళు. పోలీసులను పిలిస్తే బీరువా సంగతి వాళ్ళకూ చెప్పాలి కదా, పిలవలేదు. నేను అన్నం అక్కడికే మోసుకుపోయాను. తెల్లారి బీరువా తెరిచాడు.

నన్ను మాత్రం ఒక్క పూట ఉంచడానికి కూడా భయపడుతున్నాడు. అడిగీ అడిగీ నోరు నొచ్చినా రాని ఎగ్జిట్, అడగకుండానే కొట్టించాడు. టికెట్టు కూడా ఆయనే కొన్నాడు. వస్తున్నాను బిడ్డా.

బంగ్లాదేశ్ అబ్బాయికి చెప్పు. అతను నన్ను మేనేజరు మనిషినన్నాడు. మేనేజరేమో మీ మనిషినంటున్నాడు. ఎవరిని నమ్మాలో నాకే తెలియడం లేదు.

విమానం ఎక్కబోతున్న,
బాపు

తా.క.: నన్ను పంపితే అంతా సద్దుమణుగుతుందని మేనేజరు అనుకుంటున్నాడు. గరిటె లింబాద్రికి అప్పజెప్పాను. జవాబు చెప్పందే వంచొద్దన్నాను.

మళ్ళీ తా.క.: లింబాద్రి పాస్‌పోర్టు చూపించాడు. పుట్టిన తేదీ రాసుకున్నాను. చదువుకే.