పది గంటల మెసేజ్

కరస్పాండెంట్ గారికి,

రేఖ బడికి రాని సంగతి ఇంటికి తెలియజేయలేదని ప్రేమలత టీచర్‌కు మీరిచ్చిన మెమో దయచేసి వెనక్కి తీసుకోండి. తప్పు నాది.

లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం రాసిన ఉచిత హాజరు సాఫ్ట్‌వేర్‌ను మన బడి ఆఫీసు విండోస్ సర్వర్ మీద నడిచేలా మార్చింది నేనే. హాజరు, మార్కులు అన్నీ సరిగ్గానే వచ్చాయి. రాని పిల్లల ఇళ్లకు పది గంటలకు మెసేజ్ పంపే పనిని మాత్రం లినక్స్‌లో గడియారంలాంటి ఒక ప్రోగ్రామ్ రోజూ నిద్రలేపుతుంది. విండోస్‌లో దాన్ని మనమే విడిగా పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. పరీక్షించిన రోజు నా చేత్తోనే బటన్ నొక్కాను, మెసేజ్ వెళ్లింది. పని అయిపోయిందని మీతో చెప్పేశాను.

టీచర్ మూడు రోజులూ రేఖకు గైర్హాజరు వేశారు. ఆ పిల్ల రెండు రోజులు సంచితో బయల్దేరి సాయంత్రానికి తొండుపల్లి ఇంటికి చేరిందట. నిన్న చేరలేదు. వాళ్ల నాన్న పెంటయ్య మొదటి రోజే ఎందుకు అడగలేదని మీరన్నారు. మెసేజ్ రాకపోతే పిల్ల బడిలో ఉన్నట్టేనని పేరెంట్స్ మీటింగులో చెప్పింది మనమే కదా.

ఈ ఉదయమే వచ్చి సర్వర్‌లో ఆ గడియారం పెట్టాను. పెంటయ్య గారు పోలీస్ స్టేషన్ నుంచి నేరుగా వచ్చి, మీ కోసం నా ఎదుటే కూర్చున్నారు.

ఇంతవరకు రాసేసరికి పది అయింది. ఆయన ఫోన్ మోగింది. రేఖ ఈరోజు బడికి రాలేదని మన సర్వర్ ఇంగ్లీషులో పంపిన కబురు. ఫోన్ నా చేతికిచ్చి అడుగుతున్నారు:

"జర సదువుండ్రి సారూ. నా బిడ్డ పంపిందా ఏంది?"