అమ్మ మంచం మీద కాగితం పిట్టలు

అమ్మడూ,

కొట్లోంచి తెచ్చిన అతికించే కొక్కేలు, నువ్వు మడిచిన పిట్టలు, రాత్రి నా చేతిలో ఉన్నవి ఇవే. అమ్మ మంచానికి సరిగ్గా పైన సీలింగ్‌కి వేలాడదీశాను. తెల్లారేసరికి అన్నీ ఆమె దుప్పటి మీద పడి ఉన్నాయి. కొక్కెం గట్టిదే, కప్పు సున్నమే పెచ్చులుగా ఊడొచ్చింది. నువ్వు మళ్లీ అతికించకు. మేకు కొట్టే దారీ లేదు. "చిల్లు పడిందో, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే" అని ఇంటాయన ముందే చెప్పాడు.

కిటికీ ఊచకీ బీరువా పిడికీ మధ్య, మంచం మీదుగా తాడు బిగించి, ఒక్క పిట్టను కట్టాను. బీరువా తెరిస్తే తాడు జారుతుంది. అమ్మ బట్టలు కుర్చీలో పెట్టాను.

నడుము విరిగినప్పటి నుంచీ ఆమెకు కనబడేది ఆ కప్పొక్కటే. "ఊరందరికీ ఊడదని అమ్మారుగా ఆ కొట్టువాళ్లు, మనింట్లోనే ఊడిందా?" అంది. నవ్వుతుందనుకున్నాను. కళ్లు మూసుకుంది. పాలు కూడా వద్దంది. నాకింక ఏ ఉపాయమూ తోచడం లేదు తల్లీ.

నాన్న

కిటికీ మూయకు. బయటికి వెళ్తూ తొంగిచూశాను. పిట్ట గాలికి ఊగుతోంది, అమ్మ చూపు దాని మీదే ఉంది. ఇంత పాటుకీ దక్కింది అదే.