తలకట్లు

అక్కా,

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా గురించి నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు. పాడైన కాలేయం వడకట్టలేని విషం నా మెదడుకు పాకుతోందట. రోజూ ఒకే వాక్యం కాగితం మీద రాయించి, రాత మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరుగారు నీ మరదలికి చెప్పారు. ముప్పై ఏళ్లుగా షాపుల బోర్డులు రాసేవాడికి చేతిరాత పరీక్ష!

"తలుపు మెల్లగా వేయండి" అని రోజూ రాస్తున్నాను. ఆ విషం విరేచనంలో పోవడానికి ఆయనిచ్చిన తియ్యటి మందు మాత్రం వారం కిందటే మానేశాను. తాగితే గంటకోసారి నిచ్చెన దిగి పరుగెత్తాలి. నీ మరదలికి చెప్పకు.

అసలు సంగతి వేరే. నాలుగు రోజులుగా మా ఇంటికి ఎవడో వస్తున్నాడు. నా కాగితాల మీద వాడు రాసిపోతున్నాడు. వాక్యం సగం నుంచి కిందికి జారిపోతుంది, ఒక్క అక్షరానికీ తలకట్టు ఉండదు.

"ఎవడే ఇది రాసింది?" అని అడిగాను.

"మీరేనండీ. నా ఎదురుగా కూర్చునే రాశారు. ఇకనైనా ఆసుపత్రికి పదండి" అని నీ మరదలు ఏడ్చింది.

నేనెలా అవుతానక్కా? వాక్యమంతా బోడిగా రాసుకుని, తలకట్లన్నీ చివర్లో ఒక్క ఊపులో పెట్టడం నా పద్ధతి. నీకు తెలుసుగా, ఒక్కటీ మరిచిపోను. ఈ ఉత్తరమూ అలాగే రాశాను.

ఇప్పుడు పెడదామని మొదటి వరుసకి వెళ్లాను. ఎవడో అప్పుడే పెట్టేశాడక్కా. అన్నీ, అక్షరాల కింద.