ఘాట్ ఎక్కే కామ్

గోపాలపట్నం,
12-11-1984.

బావ గురునాథరావుకు విజయరత్నం రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, జయమణీ బాగున్నాం. భిలాయిలో చలి మొదలైందట. నువ్వూ, చెల్లెమ్మ పైడితల్లీ దుప్పట్లు కప్పుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మూడేళ్ళ తర్వాత నీ చేతిరాత చూశాను. మీ తమ్ముడు నీలకంఠం నీ బుల్లెట్టును షెడ్డుకు తోలుకొచ్చి, మద్రాసు పొట్లం ఒకటీ, నీ చీటీ ఒకటీ ఇచ్చాడు. చీటీలో నాలుగే ముక్కలు. ఈ రేసు కామ్ బిగించు, జనవరిలో స్టీల్ ప్లాంటు ట్రైనింగు అయిపోతుంది, పైడితల్లీ నేనూ కన్యాకుమారి దాకా వెళ్తున్నాం, బండి లాగాలి అన్నావు. కుశలప్రశ్న లేదు. అయినా ఊళ్ళో ఇంతమంది మేస్త్రీలుండగా నాకే పంపావు. అందుకే ఆ చీటీ జయమణికి రెండుసార్లు చదివి వినిపించాను.

నీ కోపం నాకు తెలుసు. మూడేళ్ళ కిందట ఆ చందనోత్సవం నాడు నీ బండి సింహాచలం ఘాట్ సగంలో నీరసించి ఆగిపోతే, చెల్లెమ్మ పట్టుచీరతో మిగతా కొండ నడిచి ఎక్కింది. మర్నాడు మీరిద్దరూ షెడ్డుకొస్తే, పదిమందిలో నేను, బండికేటీ నేదమ్మా, మీ ఆయనకి తోలడం రావాల అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు బండి తిప్పుకుని వెళ్ళిపోయావు, మళ్ళీ షెడ్డు గుమ్మం తొక్కలేదు.

సరే, కామ్ సంగతి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది అదే కదా. నీ మద్రాసు ముక్క బిగించి గాజువాక వైపు తోలాను. అరవై దాటాక బండి పట్టుకుంటే ఆగదు. రైలు గేటు దగ్గర నిలబెడితే మాత్రం దగ్గి దగ్గి చచ్చిపోతుంది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. జయమణిని వెనక ఎక్కించుకుని ఘాట్ ఎక్కితే రెండో మలుపులోనే ఊపిరి అయిపోయింది. ఆవిడ దిగి, నన్ను నడిపించడానికేటి ఈ ముక్క కొన్నాడు మీ బావ అంది. రేసులకది మంచిదే బావా. సామాన్లతో, ఇద్దరు మనుషులతో దూరం వెళ్ళే బండికి కింద నుంచే లాగే కామ్ కావాలి.

అందుకని దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాను. మళ్ళీ జయమణితోనే వెళ్ళాను. మూడో గేరు మార్చకుండా పైదాకా ఎక్కింది. దిగమన్నాక గాని కొండెక్కినట్టు ఆవిడకు తెలియలేదు. సంపెంగలు కొనుక్కుని దిగాం. నీ కన్యాకుమారికి ఇదే ఖాయం చెయ్యి, నా మాట విను. మద్రాసుది నీలకంఠానికి ఇచ్చి ఉంచుతాను.

నీ రాక కోసం చూస్తూ,
విజయరత్నం

తా.క. కవరు అంటించబోతుంటే జయమణి, అసలు సంగతి రాయకుండా పోస్టు చేస్తే అన్నం పెట్టనంది. నేను మెచ్చుకున్న ఆ కామ్ కొత్తది కాదు బావా, నీ బండిలో మొదటినుంచీ ఉన్నదే. పళ్ళు ఎక్కడ కలవాలో గుర్తుకని నేను విప్పిన ప్రతి పళ్ళచక్రం మీదా పంచ్‌తో చిన్న సిలువ కొడతానుగా. ఆ ఉత్సవానికి నెల ముందు నీ ఇంజను బిగించినప్పుడు, కంపెనీ వేసిన చుక్క వదిలేసి నా సిలువనే నమ్ముకున్నాను. కామ్ చక్రం మీద ఆ సిలువ అసలు చోటుకు ఒక పన్ను పక్కన ఉంది. అప్పట్నుంచీ వాల్వులు వేళ తప్పి తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు పాతదాన్ని తిరిగి పెడుతుంటే కనబడింది, చుక్కకు కలిపి బిగించాను. మూడేళ్ళు నా తప్పును మోసుకు తిరిగావు. క్షమించమనడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను. చెల్లెమ్మను కూడా అడిగానని చెప్పు. ఆ రోజు నవ్వినవాళ్ళు ఇప్పటికీ షెడ్డుకు వస్తారు కాబట్టి నిన్న అందరికీ చెప్పేశాను. వెంటనే వాళ్ళలో సన్యాసిరాజు, నేను బిగించిన తన ఇంజను కూడా విప్పి చూడమన్నాడు. ఆ వెనక ఇంకో ఆరుగురు. పొద్దున్నుంచీ ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాను.